కిటికీ బయటి ఆట

మాలిక్ పత్తి గుట్ట పక్కన గొంతుక్కూర్చుని ఎడమచేత్తో చెత్త ఏరుతున్నాడు. ఎండుటాకులు, గోనెపీచు, ఏ కూలిమనిషి జడలోంచో ఊడిన పిన్ను, చాక్లెట్ కాగితం. మిల్లుకొచ్చే పత్తిలో పత్తి కాక ఇవన్నీ ఉంటాయి. దొరికింది దొరికినట్టు తట్టలో పడేస్తున్నాడు. వయసు ఇరవై రెండే గాని కనుబొమల మీద, చెవుల మీద దూది నూగు పట్టి ముసలివాడిలా ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో ఉంది, తువ్వాలు చుట్టుకుని. తువ్వాలు కింద మణికట్టు వరకే ఉంది. మిగతాది పోయినేడు గింజలు వేరుచేసే జిన్నింగు మిషను రోలర్ల మధ్య ఇరుక్కున్న పత్తిని లాగబోయినప్పుడు పోయింది. యజమాని మంచివాడు కాబట్టి పని తీసెయ్యలేదు, గుట్ట దగ్గరికి మార్చాడు.

మేస్త్రీ బాపయ్య అటుగా వచ్చి అరిచాడు. "ఏరా, మీ చెల్లెలు ఇవాళ అయిదింటి బస్సుకేగా? ఇంకా ఇక్కడే ఉన్నావేం?"

"ఈ గుట్ట అయ్యాక పోతానండి."

"గుట్టెక్కడ అయిపోద్దిరా! ఇది పోతే ఇంకోటొచ్చి పడుద్ది. లే, పో."

మాలిక్ లేచాడు. వెళ్లాలనీ ఉంది, వెళ్లకూడదనీ ఉంది. మెహర్ నర్సు ట్రైనింగు పూర్తిచేసి ఏడాది కావస్తోంది. బెంగళూరు ఆసుపత్రివాళ్లు ఉద్యోగానికి రమ్మంటే ఇప్పటికి రెండుసార్లు గడువు అడిగింది. ఈసారి వెళ్లకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. ఎందుకు ఆగిందో ఇంట్లో ఎవరూ పైకి అనరు. అందరి చూపూ మాత్రం ఆ తువ్వాలు మీదే పడుతుంది.

పర్చూరు బజారులో పురుగుమందుల కొట్టు దాటుతూ అలవాటుగా పక్కగోడ కిటికీ వంక చూశాడు. ఒకప్పుడు అది యలమంద వీడియోగేముల కొట్టు. బడి ఎగ్గొట్టిన పిల్లలంతా అందులోనే ఉండేవాళ్లు. మిగతావాళ్లు తుపాకులాటలు, కారు పందేలు ఆడితే మాలిక్ మాత్రం ఒకే క్యాసెట్ పట్టుకుని వేలాడేవాడు. ఒక రాజకుమారుడు పల్లెలు, అడవులు, గుహలు తిరుగుతూ తోడు మనుషుల్ని కూడగట్టుకుని ఆఖరి కోటలో రాక్షసుణ్ణి చంపాలి. రాతలన్నీ జపాను భాష. ఏమీ తెలియకుండానే అన్నీ తెలిసిపోయాయి. గుడిలాంటి చోట రాజకుమారుడి చేత దణ్ణం పెట్టిస్తే మర్నాటికి ఆట అక్కణ్ణించే మొదలవుతుంది. అందుకని కొట్టులో వాడంత భక్తుడు ఇంకొకడు లేడు.

ఆడపిల్లలు లోపలికి రాకూడదు. మెహర్ బయట కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేది. ఒక్కసారి చూస్తే చాలు, గుహలో దారులన్నీ దానికి గుర్తుండేవి. "అన్నా, ఎడంపక్కకి! అటు కాదు, ఎడంపక్కకి!" అని అరిచేది. వాడు వినేవాడు కాదు. చచ్చాక జాయ్‌స్టిక్ బాగాలేదని యలమందతో పోట్లాడేవాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాడంట" అనేవాడు యలమంద. చివరికి ఆఖరి కోట తలుపు దాకా వెళ్లారు. ఆ వారమే యలమంద కేబుల్ టీవీ వ్యాపారంలో దిగి కొట్టు మూసేశాడు. తలుపు వెనక ఏముందో అన్నాచెల్లెళ్లు చూడనే లేదు.

చెయ్యి పోయిన నెలకి మెహర్ యలమంద ఇంటికి వెళ్లి, అటక మీద పడున్న ఆ ఆటపెట్టెనూ క్యాసెట్‌నూ అడిగి తెచ్చింది. మొదటి రోజు జాయ్‌స్టిక్ అన్న ముందు పెట్టింది. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండోరోజు తనే పట్టుకుంది. "దారి చెప్పు మరి" అంది. అప్పట్నించీ ఆట తిరగబడింది. ఆమె మీటలు నొక్కుతుంది, వాడు వెనక మంచం మీద కూర్చుని చెబుతాడు. వాడైతే కనబడ్డ ప్రతి రాక్షసుడి మీదికీ ఉరికేవాడు. మెహర్ ప్రతి ఇంట్లోకీ వెళ్లి ముసలమ్మల్ని పలకరించి గాని ఊరు దాటదు. గాయాలు మాన్పే తెల్లగౌను పిల్లను వాడు పనికిరాదని సత్రంలో వదిలేసేవాడు. ఈమె ఆ పిల్లను పక్కన పెట్టుకునే నడుస్తుంది. కిటికీ బయట నిలబడినవాళ్లకి ఆట ఎలా ఉంటుందో వాడికి అప్పుడు తెలిసింది. చూడగలిగీ చెయ్యలేకపోవడం ఎంత కష్టమో తెలిసింది.

ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, మేస్త్రీ పంపించినా ఆట ఆడటానికి కరెంటు మూడింటి దాకా రాదు. తల్లి జాన్‌బీ కంచంలో అన్నం పెట్టి చెంచా వేసింది. మాలిక్ కంచం తీసుకుని గోడవైపు తిరిగాడు. ఎడమచేత్తో తినడం ఎవరూ చూడకూడదు, తల్లయినా సరే. గోడకి తండ్రి బుడే వాడిన దూది ఏకే విల్లు వేలాడుతోంది. బతికినన్నాళ్లూ ఆయన ఊళ్లు తిరిగి పరుపులు కుట్టాడు. పత్తి ఆ ఇంటికి కొత్త కాదు.

మెహర్ మంచినీళ్లు అందించింది. ఆమె కుడి మణికట్టు ఎర్రగా కందిపోయి ఉంది.

"అదేంటే?"

"బ్యాగు తాడు ఒరుసుకుందిలే."

వాడు మళ్లీ గోడవైపు తిరిగి అన్నాడు. "చిన్నప్పుడు నీకు ఒక్కసారి కూడా జాయ్‌స్టిక్ ఇవ్వలేదు కదే."

"ఇస్తే నువ్వు మాలిక్‌వెందుకవుతావు?" అని నవ్వింది. నవ్వు త్వరగానే ఆగిపోయింది. "అన్నా, ఇంకో నెల ఆగుతానని ఫోన్ చెయ్యనా?"

జాన్‌బీ చేతిలో గరిటె ఆగింది. మాలిక్‌కు ఆగమని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెంచా కంచంలో పెట్టి, "వద్దు" అన్నాడు.

మూడింటికి కరెంటు వచ్చింది. వాడు దారి చెప్పాడు, ఆమె నడిపింది. ఆఖరి గుహ దాటి, గుడిలో దణ్ణం పెట్టించి, కోట తలుపు ముందుకొచ్చి మెహర్ ఆగింది. చిన్నప్పుడు ఆగిపోయిన చోటే. జాయ్‌స్టిక్ తీగ పీకి, మంచం కిందినుంచి ఒక చెక్కపీట లాగింది. దాని మీద ఇంకో జాయ్‌స్టిక్ ఉంది, అది కూడా యలమంద అటక మీదిదే. పీటకు మేకుతో కన్నాలు పొడిచి, తండ్రి దబ్బనంతో పరుపుల దారం దూర్చి, కదలకుండా బిగించి కుట్టింది. ఎడమవైపు బాణం మీటలు మామూలుగానే ఉన్నాయి. కుడివైపు ఎర్రమీట మీద చిన్న దూది మెత్త అంటించి ఉంది.

పీట వాడి ముందు పెట్టి తీగ గుచ్చింది. "చేత్తో పట్టుకోనక్కర్లేదు. ఆనిస్తే చాలు" అంది.

మాలిక్ కదల్లేదు. బయటినుంచి జాన్‌బీ "బస్సు టైమవుతోందే" అంది. మెహర్ బ్యాగు భుజానికి తగిలించుకుంది, వాడి వంక చూసింది, మళ్లీ దించి మంచం మీద పెట్టింది.

ఆ బ్యాగు మంచం మీద పడిన చప్పుడుకు మాలిక్‌కు రోలర్ల చప్పుడుకన్నా ఎక్కువ భయం వేసింది. పళ్లతో ముడి లాగి తువ్వాలు విప్పాడు. ముడతలు పడి పాలిపోయిన ఆ మొండి మణికట్టును ఆస్పత్రి తర్వాత పగటి వెలుతుర్లో వాడే సరిగ్గా చూసుకోలేదు. చెల్లెలి ముందే దాన్ని మెత్త మీద ఆనించి నొక్కాడు.

కోట తలుపు తెరుచుకుంది.

మెహర్ బ్యాగు తీసుకుని, వాడి తల మీదున్న దూది నూగు ఒకసారి దులిపి బయటికి నడిచింది. తెర మీద రాజకుమారుడు చీకటి నడవాలో నిలబడ్డాడు. దారి రెండుగా చీలింది. మాలిక్ కుడివైపు తిప్పబోయాడు.

"అన్నా, ఎడంపక్కకి!"

కిటికీ ఊచల అవతల మెహర్ నిలబడి ఉంది, బ్యాగు భుజాన వేసుకుని. ఆఖరి కోట లోపల దారి దానికెలా తెలుస్తుంది? తెలియదు. మాలిక్‌కు ఏడుపొచ్చింది. అయినా ఈసారి విన్నాడు. ఎడమవైపు తిప్పాడు. రాక్షసులిద్దరు అడ్డొస్తే మణికట్టుతో నొక్కి నొక్కి కొట్టాడు, తెల్లగౌను పిల్ల మంత్రం చదివి గాయాలు మాన్పింది. నడవా చివర వెలుతురు కనబడింది.

"మెహరూ, కరెక్టేనే!" అని తల తిప్పాడు.

కిటికీలో ఊచలే ఉన్నాయి. బస్టాండు వైపునుంచి చీరాల బస్సు హారన్ ఒకసారి మోగి, మళ్లీ వినబడలేదు. జాన్‌బీ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లోపలికొచ్చి, కొడుకు వంక చూసి, నేల మీదున్న తువ్వాలు తీసి దండెం మీద ఆరేసింది.

మాలిక్ చెయ్యి పైకెత్తాడు. పీట మీద ఎర్రమీట పైనున్న దూది మెత్తకు తన మణికట్టు చేసిన పెద్ద సొట్ట పడి ఉంది, దాని పక్కనే అంతకుముందే నొక్కి నొక్కి చేసిన ఇంకో చిన్న సొట్ట, మెహర్ మణికట్టంతది.