దిద్దులు పెట్టిన మాట

బోర్డులు రాసే మేస్త్రీకి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఇంగ్లీషు అక్షరాలు ఆయన రాసినంత ముద్దుగా ఆ చుట్టుపక్కల ఇంకెవరూ రాసేవారు కాదు. కాగితం మీద రాసిచ్చింది చూసి బొమ్మ గీసినట్టు గీసేవాడు. గీశాక, అందులో ముఖ్యమైన మాట ఏదో అడిగి తెలుసుకుని, దానికి అటూ ఇటూ రెండేసి చిన్న గీతలు పెట్టేవాడు. చదువుకున్నవాళ్ళు వాటిని కొటేషన్లంటారు. ఆయన దిద్దులనేవాడు. ముఖ్యమైన మాట బోడి చెవులతో నిలబడకూడదని పని నేర్పిన గురువు చెప్పాడట. పాల కొట్టు మీద తాజా అన్న మాటకి దిద్దులు, లాడ్జి మీద శుభ్రం అన్న మాటకి దిద్దులు. జనం ఆయనకి దిద్దుల మేస్త్రీ అని పేరు పెడితే అదేదో బిరుదనుకుని మురిసిపోయాడు.

ఏడిపించింది భార్య ఒక్కతే. "మాటలన్నిటికీ చేయిస్తున్నావు. నా చెవులు నీకెప్పుడు కనపడతాయి?" అనేది. "వచ్చే ఏడాది" అనేవాడు ఈయన. కూతురు ఎనిమిదో క్లాసులో ఉండగా ఆవిడ నాలుగు రోజుల జ్వరంతో పోయింది. సమాధి రాయి ఈయనే రాశాడు. పెద్దవాళ్ళ రాళ్ళన్నీ ఇంగ్లీషులో ఉంటే తన మనిషి దేంట్లో తక్కువని ఇంగ్లీషులోనే రాశాడు, ఎర్ర రంగుతో. ఫలానావారి భార్య అని రాసి, భార్య అన్న మాటకి రెండు వైపులా దిద్దులు పెట్టి, కుంచె కింద పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. మొదటి ఏడాది తరవాత మళ్ళీ అటు వెళ్ళలేదు. తట్టుకోలేనని చెప్పేవాడు. తట్టుకోలేకో, బద్ధకమో, ఆయనకే తెలియాలి.

పదో క్లాసుకి వచ్చేసరికి కూతురు మాట్లాడటం తగ్గించేసింది. అడిగినదానికి ఊ, ఉహూ. ఏమైందే అంటే ఏమీ లేదు. రెండు ముక్కలు ఇంగ్లీషు వచ్చేసరికి కన్నతండ్రి కానివాడైపోయాడని మేస్త్రీకి కడుపు మండింది. మండితే ఆయనకి నోరు ఆగదు. పిల్ల పళ్ళ డాక్టరు చదువులో చేరాక మరీ పేట్రేగిపోయాడు. సెలవులకి ఇంటికొస్తే గుమ్మంలోనే, పక్కింటివాళ్ళు వినేలా, "వచ్చిందమ్మా మహా డాక్టరు! పన్ను పీకడానికి అయిదేళ్ళ చదువట. తలుపుకి దారం కట్టి లాగితే నేనూ పీకుతాను" అనేవాడు. వినేవాళ్ళు నవ్వేవారు. పిల్ల తల దించుకుని లోపలికి పోయేది. క్రమంగా సెలవులకి రావడం మానేసింది.

చదువు పూర్తిచేసి, సైకిల్ షాపుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య ఒక గది అద్దెకి తీసుకుంది. తండ్రికి ఆ సంగతి బయటివాళ్ళే చెప్పారు. ఒకరోజు పొద్దున్నే, చూడనట్టుగా చూద్దామని అటు వెళ్ళాడు. కూతురు మోకాళ్ళ మీద కూర్చుని, కిటికీ అద్దం మీద ఎప్పటివో రంగు మరకల్ని బ్లేడుతో ఓపిగ్గా గోకుతోంది. ఆ కూర్చోవడం, నాలిక చివర పళ్ళ మధ్య పెట్టుకోవడం, అచ్చం వాళ్ళమ్మే. మేస్త్రీ రోడ్డవతలే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళు తను వాగిన వాగుడంతా గుర్తొచ్చి సిగ్గేసింది. నోటితో క్షమించమనడం ఆయనకి చేతకాదు. చేతనైంది ఒక్కటే.

రేకు కొని, ఎనిమిది రోజులు పెరట్లో కూర్చుని బోర్డు రాశాడు. ఫ్లెక్సులొచ్చి ఆయన పనిని మింగేశాక అంత ఇష్టంగా కుంచె పట్టింది అదే. డాక్టర్ అన్న మాటని బంగారు రంగులో రాశాడు. దానికి దిద్దులు పెట్టడానికే ఒక పూట పట్టింది.

క్లినిక్ తెరిచే రోజు బోర్డు భుజాన వేసుకుని వెళ్ళి, గోడకి ఆనించి గుడ్డ తీశాడు. రిసెప్షన్ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జిరాక్సు కొట్టాయన చదివి పకపకా నవ్వాడు. కూతురి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"లోపలికి రా నాన్నా" అని తలుపు వేసింది. "ఇవాళ కూడా మనసు రాలేదు కదా నీకు?"

"ఏమైందమ్మా? రంగు బాలేదా?"

"ఆ గీతలెందుకు పెట్టావు?"

"దిద్దులమ్మా అవి. అన్నిటికన్నా గొప్ప మాట కదాని…"

ఆమె ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. "ఒక్క మాటకి అలా అటూ ఇటూ పెడితే అది ఎత్తిపొడుపు నాన్నా. డాక్టర్ అని కాదు, డాక్టరట అని. పేరుకి డాక్టరని."

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. నలభై ఏళ్ళ బోర్డులు కళ్ళముందు తిరిగాయి. తాజాట. శుభ్రమట. "నాకు తెలీదమ్మా. నీ మీద ఒట్టు."

"ఇప్పుడు నమ్ముతున్నాలే. ఇంకెవరి నాన్నో రాసుంటే చూడగానే నవ్వేసేదాన్ని. రాసింది నువ్వు. ఇన్నేళ్ళూ గుమ్మంలో అన్నదే గోడకెక్కించావనుకున్నాను." ఆగి, గొంతు తగ్గించింది. "అమ్మ రాయి మీద కూడా పెట్టావు. దానర్థం నాకు పదో క్లాసులో తెలిసింది. అమ్మని నువ్వు పెళ్ళి చేసుకోలేదనుకున్నాను. అడిగితే నిజమేనంటావేమోనని భయపడ్డాను."

"మీ అమ్మకి… చేయించలేకపోయానని…" మేస్త్రీ తన చెవి తమ్మె పట్టుకుని చూపించాడు.

ఆమెకి అర్థమైంది. కళ్ళు తుడుచుకుంది, కానీ దగ్గరికి రాలేదు. "ఆ ముక్క అప్పుడే చెప్పాల్సింది నాన్నా. నేను మాట్లాడకపోతే ఎందుకని అడగాల్సింది. వెక్కిరించావు." బయట ఎవరో పన్ను నొప్పితో మూలుగుతున్నారు. చేతులు కడుక్కుంది. "బోర్డు తీసుకెళ్ళిపో. ఎల్లుండి ఫ్లెక్సు వస్తుంది."

మేస్త్రీ ఇంటికి వెళ్ళలేదు. దారిలో ఒక బ్లేడు కొనుక్కుని, బోర్డు భుజాన ఉండగానే శ్మశానానికి వెళ్ళాడు. ఆ గీతలు ఆ పూటే గోకి పారేయాలి, భార్యకి క్షమాపణ చెప్పుకోవాలి అనుకున్నాడు. రాయి వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది.

చుట్టూ గడ్డి పీకేసి ఉంది. మిగతా అక్షరాలన్నీ వెలిసిపోయాయి. భార్య అన్న ఒక్క మాట మీద మాత్రం ఎర్ర రంగు తాజాగా ఉంది. అక్షరాల అంచులు వంకర్లు పోయాయి. రాయడం అలవాటు లేని చెయ్యి, ఒకదాని మీద ఒకటిగా చాలా పూతలు వేసింది. ఆ మాటకి అటూ ఇటూ గీతలు లేవు. బ్లేడు గీరిన చారలున్నాయి, ఏళ్ళ కిందటివి, నాచు పట్టి నల్లబడినవి.

మేస్త్రీ చేతిలో కొత్త బ్లేడు అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి వచ్చి ఉన్నా ఆ చారలు కనపడేవి, ఎవరు చేశారని పిల్లని అడిగి ఉండేవాడు.