వడమాలపేటలో చెప్పని మాట

ఘాట్ దిగుడు మొదలయ్యే మలుపు దగ్గర జయరావు ఇంజన్ ఆపేస్తాడు. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, తాళం వెనక్కి తిప్పి, ఇక కారును దాని దోవన వదిలేస్తాడు. పలమనేరు నుంచి చిత్తూరు వైపు వచ్చేటప్పుడు మొగిలి ఘాట్ పొడుగునా ఒక్క చుక్క డీజిల్ కాలదు. కారు కొన్ననాటి నుంచీ ఇదే తంతు. ఆ దారిలో తిరిగే పాత డ్రైవర్లలో సగం మంది ఈ పని చేస్తారు. మిగతా సగం మంది చేసి, చేయలేదంటారు.

"పల్లానికి పొయ్యే బండికి డీజిల్ యాల? ఊరికే తగలబెట్టేదానికా?" అంటాడు జయరావు, ఎవరైనా అడిగితే.

పూతలపట్టు కూడలిలో నిలబడే బాడుగ కార్లలో అన్నిటికన్నా ముసలిది అతనిదే. రంగు ఎప్పుడో వెలిసిపోయింది. వెనక తలుపు ఒకటి లోపలినుంచి తెరుచుకోదు. అయినా చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఆసుపత్రికో, పెళ్లికో పోవాలంటే జయరావునే పిలుస్తారు. బేరమాడితే తగ్గుతాడు, చెప్పిన వేళకు వస్తాడు. మనిషి మంచివాడే. మొండితనం మాత్రం ఇంటికి సరిపోగా వీధికి పంచిపెట్టేంత ఉంది.

అతని భార్య కృపామణి ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. పాము కనిపిస్తే కట్టె కోసం వెతికే రకం గానీ కేకలు వేసే రకం కాదు. అట్లాంటి మనిషి ఘాట్‌లో ఇంజన్ ఆగగానే ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుంటుంది. అప్పటిదాకా గడగడలాడిన కారు ఒక్కసారిగా నోరు మూసుకుంటుంది. కిటికీల్లో గాలి ఈల వేస్తుంది. పక్కన లోయ కనిపిస్తూ ఉంటుంది. జయరావేమో ఒక చెయ్యి కిటికీ మీద వేసి, స్తోత్ర గీతం కూనిరాగం తీస్తుంటాడు.

ఆ భయం ఉత్త భయం కాదని మామిడికాయల కాలంలో తేలిపోయింది. వాళ్లకు ఒక్కతే కూతురు, కోమలి. పలమనేరులో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆ పిల్లను హాస్టల్లో దించి తిరిగి వస్తున్నారు. సగం ఘాట్ దిగాక ముందర టమాటా లారీ ఒకటి నత్తనడకన పోతోంది. జయరావు బ్రేకు తొక్కాడు. పెడల్ మెత్తగా అడుగుదాకా పోయి అక్కడే ఉండిపోయింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ తొక్కాడు. లారీ వెనక కట్టిన తాడు ముడి కూడా స్పష్టంగా కనిపించేంత దగ్గరైంది. జయరావు కారును కొండవైపు మట్టికట్టకు రాసి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎట్లో ఆపాడు. దిగి కిందికి వంగి చూశాడు.

"బ్రేకు ఆయిల్ కారిపొయ్యింది, అంతే," అన్నాడు.

అంతేనట! ఇంటికొచ్చి మారు అన్నం పెట్టించుకుని తిన్నాడు. కృపామణి మాత్రం వారం దాటినా అన్నం వారుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆ ముసలి కారు ఏదో ఒక రోజు తన మొగుణ్ణి మింగుతుందని ఆమెకు గట్టిగా అనిపించింది.

కూడలిలోనే నూర్ అహ్మద్ మెకానిక్ షెడ్డు ఉంది. కారును లేపి అడుగున చూసి ఆయన మొహం చిట్లించాడు.

"బాగు చేస్తా జయరావు భాయ్. ఎన్నాళ్లుంటాదో మాత్రం నన్ను అడగొద్దు. సామాన్లు కొత్తవి దొరకవు, వేలూరు తుక్కు అంగళ్లలో ఏరుకోని రావాల. బ్రేకు బాగయితే ఇరుసు, ఇరుసు బాగయితే అడుగు రేకు."

జయరావుకు మొదటి రెండు మాటలే చెవికెక్కాయి.

"బాగు చేస్తానన్నాడు గదా, ఇంగేమి?" అన్నాడు ఇంటికొచ్చి. "కలిసొచ్చిన బండి మే ఇది. నిన్ను కాన్పుకు తోలుకోని పొయ్యింది దీంట్లోనే గదా."

"ఆ పొద్దు కాన్పుకు తోలుకోని పోతివి. రేపు యాడికి తోలుకోని పోతావో అనే గదయ్యా నా బాధ," అంది కృపామణి.

మాటలతో లాభం లేదని మాటలు మానేసింది. కంచం పెట్టడం, తియ్యడం, అంతే. కోమలి కూడా ఫోన్లో తల్లి పక్షమే మాట్లాడింది. ఇంట్లో మాట్లాడే దిక్కు లేక జయరావు చివరికి దారికొచ్చాడు, అదీ సగమే.

"సూసేదానికి వస్తా. కొనేదానికి కాదు," అన్నాడు.

వడమాలపేటలో రిటైరైన పంతులు మునిరామయ్య తన కారు అమ్ముతున్నాడు. ఐదారేళ్లది, నీటుగా వాడినది. నూర్ అహ్మద్‌ను వెంటబెట్టుకుని ముగ్గురూ బస్సులో బయల్దేరారు. దారిలో జయరావు భార్య చెవి దగ్గర షరతు పెట్టాడు.

"నూర్ భాయ్ ఒక్క వంక సెప్తే సాలు, ఎనక్కి తిరిగొస్తాం. ఆ పైన నా కారునే బాగు చేయించుకుంటా. నువ్వు ఇంగ నోరెత్తకూడదు."

"సరే," అంది కృపామణి. ఆ మాట అన్నందుకు దారి పొడుగునా భయపడుతూనే ఉంది. వంక లేని వస్తువు లోకంలో ఉంటుందా?

పంతులు ఇంటి ముందు తెల్లటి కారు కడిగిన పళ్లెంలా మెరుస్తోంది. నూర్ అహ్మద్ బానెట్ ఎత్తాడు, కిందికి దూరాడు, తోలి చూశాడు, మళ్లీ బానెట్ ఎత్తాడు. జయరావు వెనకెనకే తిరుగుతూ, టైరును కాలితో తన్నుతూ, ఏదో ఒకటి బయటపడుతుందని ఎదురుచూశాడు. ఏదీ పడలేదు. పంతులు కాఫీకి లోపలికి పిలిస్తే ముఖం వేలాడేసుకుని వెళ్లాడు.

అప్పుడు నూర్ అహ్మద్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కృపామణి దగ్గరికి వచ్చాడు.

"బండి మంచిదే సెల్లెమ్మా. ఒక్కటే సంగతి. మీ ఆయన ఘాట్‌లో ఇంజన్ ఆపేసి దించుతాడు గదా? దీంట్లో ఆ పని సేయకూడదు. పాత బండికి కాలి బలమే బలం, ఇంజన్‌తో పని లేదు. దీనికట్ల కాదు. ఇంజన్ తిరిగినంతసేపే బ్రేకుకు బలం. ఆపినాక రెండు మూడు సార్లు తొక్కేదాకా పలుకుతాది, ఆ పైన రాయి మాదిరి బిగుసుకుంటాది. స్టీరింగు కూడా బరువెక్కిపోతాది. ఉండు, లోపలికి పొయ్యి ఆయనకు సెప్పొస్తా."

కృపామణి ఇంటి లోపలికి చూసింది. ఘాట్‌లో ఇంజన్ ఆపకూడదు అన్న మాట చాలు, జయరావు కాఫీ గ్లాసు కింద పెట్టి నేరుగా బస్టాండుకు నడుస్తాడు. ఆ తర్వాత అదే ముసలి కారు, అదే లోయ, ఈసారి నోరెత్తే హక్కు కూడా ఉండదు.

"నేను సెప్తాలే అన్నా. నువ్వు సెప్తే వాదులాడతాడు, నేనైతే నిదానంగా సెప్తా," అంది.

"మరిసిపోవద్దు సెల్లెమ్మా."

"ఎట్ల మరుస్తానన్నా?"

నూర్ అహ్మద్ ఆమెను నమ్మాడు. జయరావు బయటికొచ్చి, "ఏం భాయ్, ఏమన్నా ఉండాదా?" అని ఆశగా అడిగితే, "బండిలో వంక లేదు," అన్నాడు. అది నిజమే.

కారు ఇంటికొచ్చిన ఆదివారం చర్చి పాస్టరు దయానంద్ అయ్యగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ప్రయాణాల్లో కాపాడమని, రాకపోకల్లో తోడుండమని అడిగారు. అందరూ ఆమేన్ అన్నారు. కృపామణి మాత్రం అనలేకపోయింది. ఈ రాత్రికి చెప్పేస్తాను ప్రభువా, అనుకుంది.

ఆ రాత్రి జయరావు కొత్త కారును అమ్మలక్కలందరికీ చూపించి వచ్చి, పసిపిల్లాడిలా మురిసిపోతున్నాడు. "సద్దే లేదు మే, ఇంజన్ నడస్తా ఉండాదా లేదా అని తెలిసేదే లేదు," అన్నాడు. ఆ మురిపెం మీద నీళ్లు పోయడానికి ఆమెకు మనసు రాలేదు. ఎట్లాగూ రెండు మూడు రోజులు చిత్తూరు, తిరుపతి బాడుగలే ఉన్నాయి, అంతా చదును దారి. ఘాట్‌కు పోయే ముందు చెబితే చాలు కదా.

పాత కారును తుక్కు వాళ్లు లాక్కుపోయారు. ఇక అతను వెనక్కి పోవడానికి దారి లేదు, ఇప్పుడు చెప్పినా నష్టం లేదు. కానీ ఇప్పుడు ఇంకో చిక్కు. ఆనాడే ఎందుకు చెప్పలేదు అంటాడు. నా కళ్లకు గంతలు కట్టి కొనిపించావా అంటాడు. చెప్పాల్సిన మాట రోజురోజుకూ పులిసిపోయింది. పొయ్యి దగ్గర కూర్చుని ఎట్లా మొదలుపెట్టాలో వరసలు కట్టుకునేది. అతను ఎదురుగా వచ్చి కూర్చుంటే, "పప్పు రొంత వేసుకో," అనేది. ప్రతి పొద్దూ అతను తాళం తీసుకుంటే, "యాడికయ్యా?" అని ఆమె అడిగేది. "చిత్తూరుకు," అని అతను అనగానే ఆమెకు ఊపిరి తిరిగేది.

ఆ శుక్రవారం బడిలో గిన్నెలు కడిగించి ఇంటికొచ్చేసరికి కారు లేదు. పొద్దున్న బాడుగ లేదన్నాడే అనుకుంది. ఎదురింటి జయంతి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అన్న పలమనేరుకు పొయినాడు గదక్కా, కోమలిని తోలుకొస్తానని. నీకు సెప్పొద్దన్నాడు, ఉన్నట్టుండి పిల్లను ఎదర నిలబెడతాడంట," అని నవ్వింది.

పోయేటప్పుడు ఘాట్ ఎక్కుడు. వచ్చేటప్పుడే దిగుడు. కృపామణి జయరావుకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. బండి తోలేటప్పుడు ఫోన్ ఎత్తడు, ఆ ఒక్క మంచి అలవాటూ ఇవాళే పగబట్టింది. కోమలి నంబరు నొక్కింది.

"అమ్మా!" అంది కోమలి ఉత్సాహంగా. "తెలిసిపొయ్యిందా నీకు? నాయన సూడు, సెప్పకుండా వచ్చేసినాడు!"

"యాడుండారు మీరు?"

"ఘాట్‌లో. కారు ఎంత బాగుందమ్మా, సద్దే లేదు."

కృపామణి ఫోన్‌ను చెవికి అదిమి పెట్టుకుంది. గాలి ఈల వేస్తోంది. ఇంకే శబ్దమూ లేదు. కొత్త కారు కాబట్టి వినబడటం లేదా, లేక...

"ఇంజన్ ఆపినాడా?"

"ఆపినాడు, ఇంతకు ముందే. యాల?"

"ఆన్ చెయ్యమను! కోమలీ, మీ నాయనను ఇంజన్ ఆన్ చెయ్యమను!"

"అదేందమ్మా..."

"బ్రేకు పని సేయదు! ఇంజన్ లేకుంటే బ్రేకు పని సేయదు!"

జయరావు నవ్వు వినిపించింది. "ఏమంటాది మీ యమ్మ? ఈడికి కూడా వచ్చేసిందా దాని భయం..." ఆ మాట మధ్యలో తెగింది. తర్వాత అతని గొంతు వేరేగా ఉంది. "ఇదేందిది? దిగేదే లేదే పెడలు..."

లారీ హారన్ మోగింది, దగ్గరగా, పొడుగ్గా. కోమలి "నాయనా" అని కేక వేసింది. ఫోన్ ఎక్కడో పడిన చప్పుడు. ఏదో రాసుకుపోతున్నట్టు గీరుడు. కృపామణి వీధిలో నిలబడి, "తాళం తిప్పయ్యా, తాళం తిప్పు," అని అరుస్తూనే ఉంది. జయంతి చిక్కుడుకాయలు వదిలేసి పరుగెత్తుకొచ్చి ఆమె భుజం పట్టుకుంది.

ఫోన్లో ఇంజన్ అందుకుంది. సన్నగా, వినీ వినిపించనట్టు. టైర్లు కీచుమన్నాయి. ఆ తర్వాత ఇంజన్ చప్పుడు ఒక్కటే మిగిలింది.

"కోమలీ," అంది కృపామణి.

"ఉండామమ్మా," అంది కోమలి, ఏడుస్తూ. "నిలబడింది. రెయిలింగును రాసుకోని నిలబడింది."

అంతలో ఫోన్ చేయి మారింది. జయరావు ఊపిరి భారంగా వినిపించింది.

"నీకెట్ల తెలుసు?"

"నూర్ అన్న సెప్పినాడు."

"ఎప్పుడు?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా ఆమెకు లేదు. "వడమాలపేటలో. నువ్వు లోపల కాఫీ తాగతా ఉన్నెప్పుడు. సెప్తే కొనకుండా పోతావని సెప్పలేదయ్యా."

"పొయ్యేటోణ్ణే," అన్నాడు జయరావు. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే ఆమెకు బాగుండేది. "పిల్ల బండిలో ఉండాది మే."

"తెలుసయ్యా."

"ఇంగా సగం ఘాట్ దిగాల నేను. ఈ బండి గురించి ఇంగేమన్నా సెప్పకుండా పెట్టుకోని ఉంటే ఇప్పుడే సెప్పు."

"ఇంగేమీ లేదయ్యా. కోమలి మీద ఒట్టు."

అది నిజమే. కానీ అవతల జయరావు, "నూర్ భాయ్‌కు ఫోన్ చెయ్యి," అని కోమలితో అంటున్నాడు. ఇంజన్ తిరుగుతూనే ఉంది, కారు మాత్రం కదలలేదు.