పక్క సీటులో బరువు

సేవాసంస్థ డ్రైవరు వస్తాడన్న రోజు పొద్దున్నే నేను వరండాలో కుర్చీ వేసుకుని బైఠాయించాను. మా పొడుగు కారును, అదే, స్టేషన్ వ్యాగన్‌ను, దానం చేస్తానని ఒప్పుకున్నది నేనే. ఒప్పుకున్నానే గానీ ఇచ్చే ఉద్దేశం నాకు వీసమెత్తు లేదు.

మా ఆయన పోయి ఏడాది దాటింది. "షెడ్డులో తుప్పు పట్టిపోతోందమ్మా. డయాలసిస్ పేషెంట్లని ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లకి ఇద్దాం. నలుగురికి పనికొస్తుంది" అని మా అమ్మాయి చెవిలో జోరీగలా ఒకటే పోరు. అలాంటి మంచి పనికి ఏ మొహం పెట్టుకుని కాదంటాను? సరే అన్నాను. అన్నాక ఒక సంగతి తెలిసి ప్రాణం లేచొచ్చింది. వాళ్లు నడిచే బండి అయితేనే తీసుకుంటారట. మా బండి సంగతి నాకు తెలియదూ! పక్క సీటులో మనిషి కూర్చోకపోతే అది చచ్చినా స్టార్ట్ అవదు. వచ్చేది డ్రైవరు ఒక్కడే. తాళం తిప్పి తిప్పి విసిగిపోయి, ఓ దండం పెట్టి వెళ్లిపోతాడు. బండి నాకే మిగులుతుంది.

మా ఆయనది సోఫాలు బాగుచేసే పని. వెనక సీట్లు మడిచేస్తే ఆ కారులో రెండు కుర్చీలు, స్పాంజి కట్టలు, గుడ్డ తానులు, మేకుల డబ్బాలు అన్నీ పట్టేవి. పాత బండే కొన్నారు. కొన్న వారానికే వంటింట్లోకి వచ్చి నసిగారు.

"కొంచెం వచ్చి పక్కన కూర్చుంటావా? ఏదో వైరు తేడా చేసింది. ఆ సీటులో బరువు పడితేగానీ అంటుకోవట్లేదు."

వెళ్లి చూశాను. తాళం తిప్పితే టిక్కుమంది, అంతే. నేను కూర్చున్నాక తిప్పారు. గుర్రుమంది.

"ఓ స్పాంజి కట్ట పెట్టుకోండి మరి!"

"మనిషి బరువు వేరే. దానికి తెలిసిపోతుంది."

"బాగు చేయించరాదూ?"

"బండి మొత్తం విప్పాలట."

సోఫాను తట్టి చూసి లోపల ఏ స్ప్రింగు విరిగిందో చెప్పే మనిషి. ఆయన చెబితే నమ్మక చస్తానా?

అప్పటినుంచి నా బతుకు ఆ సీటుకే అంకితమైపోయింది. పొయ్యి ఆర్పి, తడి చేతులు తుడుచుకుంటూ, సణుక్కుంటూ వెళ్లి కూర్చునేదాన్ని. ఆయన గిరాకీల ఇళ్లలో కొలతలు తీసుకుంటుంటే నేను కారులోనే దిండు గలీబులకు అంచులు కుట్టేదాన్ని. వాన పడితే పని చేసేది ఒక్క వైపరే, అదీ నా వైపుది. "ఎదురుగా ఎవరైనా వస్తున్నారా చెప్పు" అనేవారు. "మీ ఖర్మ వస్తోంది" అనేదాన్ని. పడీపడీ నవ్వేవారు. మా పోట్లాటలన్నీ ఇంట్లో మొదలై ఆ కారులో తెగేవి. ఆ జిగురు వాసన, వేయించిన పల్లీల పొట్టు, శృతి లేని ఆయన కూనిరాగం... అదంతా దానం ఎలా చేయను చెప్పండి?

ఆయన పోయాక కూడా అమ్మాయి ఎప్పుడైనా వచ్చి ఇంజను ఆడించేది. అప్పుడూ పక్క సీటులో నేనే.

డ్రైవరు రానే వచ్చాడు. నెరిసిన మీసాల పెద్దమనిషి. తాళం అందుకుని షెడ్డు వైపు నడిచాడు. వెనకే వెళ్లబోతున్న అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపాను.

"నువ్వెక్కడికే? ఇక్కడే నిలబడు."

అతను ఎక్కాడు. తలుపు వేసుకున్నాడు. తాళం తిప్పాడు.

గుర్రుమంది!

కుర్చీలోంచి ఎలా లేచానో నాకే తెలియదు. ఒక్క అంగలో షెడ్డు దగ్గర ఉన్నాను. "ఆపు బాబూ! ఆపి మళ్లీ తిప్పు!" అని అరిచాను. పాపం, బెదిరిపోయి ఆపాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంటుకుంది.

"ఇంజను బంగారంలా ఉందమ్మా" అన్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే మా అమ్మాయి తల దించుకుని ఉంది.

"నీకు తెలుసా?" అన్నాను.

"డ్రైవింగ్ నేర్చుకున్నప్పుడు తెలిసిందమ్మా. నువ్వు ఎక్కేదాకా నాన్న తాళం సగమే తిప్పేవాడు. 'అమ్మకి చెప్పకు, తెలిస్తే ఇక రాదు, ఒక్కడినే తిరగడం నావల్ల కాదు' అన్నాడు."

ఒళ్లు మండిపోయింది. ఎంత నంగనాచి మనిషి! ఇన్నేళ్లు! తోడు రావే అని అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? పైనున్న ఆయన్ను నిలబెట్టి కడిగేద్దామనుకున్నాను గానీ ఏడుపొచ్చేసింది.

"ఇవ్వడం ఇష్టం లేకపోతే చెప్పమ్మా, ఈయన్ని పంపించేద్దాం" అంది అమ్మాయి నా భుజం పట్టుకుని.

నేను డ్రైవరు వైపు తిరిగాను. "బాబూ, ఇందులో పేషెంటు ఒక్కడే వెనక పడుకుని వెళ్తాడా?"

"లేదమ్మా. తోడు ఎవరో ఒకరు వస్తారు. ఎవరూ లేనివాళ్లని నేనే ముందు కూర్చోబెట్టుకుంటాను. కబుర్లు చెప్పుకుంటూ పోతాం."

షెడ్డులో ఆ సీటు ఏడాదిగా ఊరికే పడి ఉంది. దాన్ని అలా ఉంచి నేను ఏం చేసుకుంటాను? ఆయనకే నచ్చదు.

"తీసుకెళ్లు" అన్నాను.

కారు మెల్లగా వెనక్కి వచ్చి గేటు దాటింది. అప్పుడు నా కాళ్లు ఆగలేదు. "ఆగు, ఆగు!" అంటూ వెళ్లి తలుపు తీసి పక్కన ఎక్కి కూర్చున్నాను.

"ఎక్కడికమ్మా?"

"మీ ఆఫీసు దాకా."

"మరి తిరిగి ఎలా వస్తారు?"

"బస్సులో వస్తాను. నువ్వు పోనీ."

కారు మలుపు తిరిగి పెద్ద రోడ్డెక్కింది. ఇక ఆపుకోవడం నా వల్ల కాలేదు. డ్రైవరు వింటాడన్న సిగ్గు కూడా లేకుండా పైకే అనేశాను.

"అడిగితే వచ్చేదాన్ని కదండీ."