ఒక్క గోడకే రంగు

ఆదివారం ఉదయం పదకొండు గంటలకు, ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లు చూస్తుండగానే, ఇల్లు అమ్ముతున్నావిడ చిన్న గది గోడను అట్లకాడతో గీకింది. ఆ గోడకు రంగు వేసి నెల కూడా కాలేదు. వేసింది ఆమె భర్త.

ఆమె నర్సు. హెడ్ నర్సుగా ప్రమోషన్ వచ్చి వేరే ఊరి ఆసుపత్రికి మారింది. అక్కడ హాస్టల్లో ఒక మంచం దొరికింది. ఇల్లు దొరకాలంటే ఇక్కడిది అమ్ముడుపోవాలి. భర్త దుకాణాల లెక్కలు ఇంట్లో కూర్చుని రాస్తాడు, ఏ ఊళ్లోనైనా రాయగలడు. ఆరేళ్ల కూతురు తండ్రి దగ్గరే ఉంది. శనివారం అమ్మ బస్సు దిగడం, ఆదివారం సాయంత్రం మళ్లీ ఎక్కడం పిల్లకు అలవాటైపోయింది. సంచీ సర్దుతుంటే మొదట్లో ఏడ్చేది. ఇప్పుడు ఏడవడం మానేసింది. ఆ మానేయడం చూసే నర్సుకు భయం పట్టుకుంది.

బ్రోకరు మొదటిసారి వచ్చినప్పుడు ఇల్లంతా తిరిగి, చేయాల్సినవి చెప్పాడు. కారే కుళాయికి వాషర్ మార్చాలి. కిర్రుమనే తలుపుకు నూనె పెట్టాలి. మంచాల కింది అట్టపెట్టెలు ఎవరింట్లోనైనా దాచాలి. చిన్న గదిలో గోడ పొడవునా పిల్ల క్రేయాన్లతో గీసిన రైలు ఉంది.

"దీని సంగతి చూడండి సార్. ఇల్లు అమ్ముతున్నారా, బడి అమ్ముతున్నారా అంటారు" అన్నాడు.

భర్త అన్నీ చేశాడు. గోడకు మాత్రం పెయింటర్‌ని పిలవలేదు. డబ్బా ఒకటి, బ్రష్ ఒకటి కొనుక్కొచ్చి ఆ ఒక్క గోడకే తానే రంగు వేశాడు. మిగతావి బాగానే ఉన్నాయిగా అన్నాడు.

వచ్చినవాళ్లు హాలు చూశారు, వంటగది చూశారు, కుళాయిలు తిప్పారు. చిన్న గదిలోకి వచ్చేసరికి ఆగిపోయారు. ఒకాయన గోడకు ముక్కు ఆనించి వాసన చూశాడు. ఒకావిడ వేలితో కొట్టి చెవి ఒగ్గింది.

"చెమ్మ దిగిందా?"

"లేదండీ. పాప బొమ్మలు గీసింది. కనబడకుండా వేశాం."

"ఇల్లమ్మేవాళ్లందరికీ పిల్లలే దొరుకుతారు, సాకు చెప్పడానికి" అంటూ ఆవిడ మెట్లు దిగింది.

అడగకముందే చెబితే నయమనుకుని భర్త ఆ తర్వాతివాళ్లకు గుమ్మంలోనే చెప్పాడు: "చిన్న గదిలో చెమ్మేమీ లేదండీ." వాళ్లు నేరుగా చిన్న గదికే నడిచారు. ఆపైన బీరువాను ఆ గోడకు జరిపించాడు. అది చూసినవాళ్లు బీరువా వెనక్కి తొంగిచూసి వెళ్లిపోయారు.

ఫోన్‌లో ఇదంతా విని నర్సు అంది: "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ వరస. బీరువా తీసేయండి."

"తీస్తే గోడ కనబడుతుంది."

"కనబడనివ్వండి."

ఆ ఆదివారం బ్రోకరు వెంటబెట్టుకొచ్చినవాళ్లు ఇద్దరు. బట్టలు కుట్టే ఆవిడ, ఆమె బాబాయి. సర్దిన సంచీ తలుపు దగ్గర పెట్టి నర్సు ఇంట్లోనే ఉంది. కుట్టే ఆవిడ చిన్న గది కిటికీ ముందు నిలబడి వెలుతురులోకి చెయ్యి చాపింది.

"మిషను ఇక్కడ వేసుకుంటే పగలు లైటు అక్కర్లేదు బాబాయ్."

బాబాయి కిటికీ వైపు చూడలేదు. అరచెయ్యి గోడకు ఆనించి ఉంచాడు.

"తొందరపడకు తల్లీ. జుట్టుకు రంగేసుకునేవాడు తలంతా వేసుకుంటాడు. ఒక్క పక్కే వేశాడంటే అక్కడేదో ఉంది."

"అనుభవమా బాబాయ్?"

బ్రోకరు నవ్వాడు. బాబాయి నవ్వలేదు.

"పాప బొమ్మలు..." అని భర్త మొదలుపెట్టాడు.

"బ్రోకరు దారిలోనే చెప్పాడు బాబూ. నేను కాదనట్లేదు. రేపు వానలు పడ్డాక గోడ ఊరితే మిమ్మల్ని ఎక్కడని వెతుక్కోను?"

కుట్టే ఆవిడ కిటికీ దగ్గర్నుంచి కదిలింది. "ఆలోచించుకుని చెబుతామండీ" అంది. అంతకుముందు వచ్చినవాళ్లు అన్నదీ అదే మాట.

నర్సు వంటగదిలోకి వెళ్లి అట్లకాడ పట్టుకొచ్చింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు భర్త.

"కట్టు విప్పుతున్నా. పుండుందో లేదో వాళ్లనే చూడనివ్వండి."

రంగు పొరలు పొరలుగా ఊడింది. క్రేయాన్ల మైనం మీద వేసింది కాబట్టి అది సరిగా పట్టనే లేదు. ముందు ఎర్రటి పెట్టె ఒకటి బయటపడింది, దాని కింద రెండు చక్రాలు. బాబాయి గోడ మీద వేలితో రుద్ది వేలు చూసుకున్నాడు. పొడి అంటింది.

"ఇంకాస్త కిందికి గీకమ్మా. చెమ్మ కిందనుంచే ఎక్కుతుంది."

గీకింది. అక్కడా పొడే.

చప్పుడుకు పిల్ల వచ్చింది. "నా రైలు. పోయిందన్నావు కదా నాన్నా" అంది. తర్వాత తల్లి చెయ్యి పట్టి లాగింది. "ఇంజను అక్కడ కాదమ్మా, కిటికీ పక్కన."

"ఈ రైలు ఎక్కడికి పోతుందమ్మా?" అంది కుట్టే ఆవిడ.

"అమ్మ ఊరికి. కానీ ఆ ఊరికి రైలు లేదు, బస్సే."

బాబాయి అట్లకాడ అడిగి తీసుకుని పక్క గోడ వైపు తిరిగాడు. కుట్టే ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

"చాల్లే బాబాయ్. మనకు ఇల్లు మిగలనీ."

మధ్యాహ్నానికి బేరం కుదిరింది. గోడకు మళ్లీ రంగు వేసి ఇస్తానన్నాడు భర్త.

"మీరు బ్రష్ ముట్టుకోకండి బాబూ" అన్నాడు బాబాయి.

నర్సు సాయంత్రం బస్సుకే వెళ్లింది. పిల్ల బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేటప్పుడు ఏడ్చింది.

మరుసటి నెలలో రిజిస్ట్రేషన్ అయింది. తాళాలు ఇచ్చేటప్పటికి, గీకినంత మేర రైలు గోడ మీద అలాగే ఉంది. ఆ సాయంత్రం ముగ్గురూ ఒకే బస్సు ఎక్కారు.