పద్నాలుగు శాతం తరుగు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకే ఆ వేళ చెల్లెలి ఫోను పెట్టేసి, కుర్చీని వెనక్కి తన్ని లేచినా ఎవరూ తలెత్తి చూడలేదు.

మాది మందుల ఫ్యాక్టరీ. పేటెంటు గడువు తీరిన మందుల్ని చవగ్గా తయారు చేస్తాం. ఒక్కో మాత్రకు ఎంత ఖర్చవుతుందో కాగితం మీద పెట్టడం నా పని. హెచ్.ఐ.వి. సోకకుండా రోజుకొకటి వేసుకునే మాత్ర కూడా మేం చేస్తాం. ప్రభుత్వం దాన్ని టెండరులో కొని ఆస్పత్రుల్లో ఉచితంగా ఇస్తుంది. మా చెల్లెలు రెండేళ్లుగా అదే వేసుకుంటోంది. దాని మొగుడికి ఆ వైరస్ ఉంది. తన మందులు వారం వేసుకుని పది రోజులు మానేస్తాడు. ఇంకే జాగ్రత్తకూ ఒప్పుకోడు. వదిలేసి రావే అంటే, అద్దె ఇల్లూ, కుట్టు మిషనూ, పిల్లలూ అన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయక్కా అంటుంది. ఆ మహానుభావుడి గురించి ఇంతకంటే చెప్తే నా నోరు పాడవుతుంది.

ఫోనులో చెల్లెలు చెప్పింది ఇదీ. "ఈ నెలకే ఉన్నాయట అక్కా. టెండరు ఆగిపోయిందని నర్సు చెప్పింది. మీ కంపెనీ రేటు ఎక్కువేసిందట కదా?"

మేం ఎక్కువేశామా? ఒళ్లు మండిపోయింది. ఆ కొనుగోలు కమిటీ వాళ్లు ఒట్టి పిసినారులు. ఇంతకు మించి ఇవ్వం అని ఒక గీత గీసుకుని కూర్చుంటారు. మా లెక్కలో వీసమెత్తు కల్తీ లేదని రుజువు చేసి, ఆ కాగితం వాళ్ల ముఖాన కొట్టాలనుకున్నాను. రుజువుంటే కింద, మాత్రలు కొట్టే హాల్లో ఉండాలి.

మా ఫ్యాక్టరీలో లెక్కలవాళ్లు కిందికి దిగరు, మిషన్లవాళ్లు పైకి ఎక్కరు. ఎవరూ పెట్టిన నిబంధన కాదు. దిగాలంటే చెప్పులు మార్చాలి, టోపీ పెట్టాలి, ఒళ్లంతా కప్పే తెల్ల అంగీ తొడుక్కోవాలి. ఉత్త బద్ధకం. కొత్త లెక్క కావాలంటే పోయినేడాది కాగితం తీసి, తేదీ మార్చి, ముడిసరుకు ధరలు మార్చి, మిగతాది అలాగే ఉంచేస్తాం. నేను దిగి ఆరేళ్లయింది.

మిషన్ల దగ్గర పెద్దదిక్కుగా ఉన్నాయన్ని అందరం బాబాయ్ అంటాం. నన్ను చూసి నవ్వాడు.

"పైవాళ్లకి దారి తెలిసిందే!"

"వేళాకోళం తర్వాత. తరుగు ఎంత పోతోందో చూపించు బాబాయ్."

"తరుగెక్కడిది తల్లీ? మొదటి ఏడాది పొడి అచ్చులకి అంటుకుపోయి మాత్రలు పెచ్చులూడేవి, అప్పుడుండేది. అచ్చులు మార్చాక నూటికి రెండు కూడా పోవట్లేదు."

"మార్చి ఎన్నాళ్లయింది?"

"ఐదేళ్లు. ప్రతి షిఫ్టుకీ తూకం వేసి రాస్తూనే ఉన్నా. ఒక్కరూ వచ్చి అడగలేదు."

రిజిస్టర్లు అరలో వరసగా ఉన్నాయి. తిరగేశాను. నా కాగితంలో తరుగు పద్నాలుగు శాతం. రాసింది నేను. కింద సంతకం నాది. మిగతా పన్నెండు తీసేస్తే మా ధర కమిటీ గీత కిందికి దిగుతుంది. కమిటీని తిట్టిన నోటితోనే నన్ను నేను తిట్టుకుంటూ మెట్లెక్కాను.

మేనేజరు కొత్త లెక్క చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకు తెలుసమ్మా. వాళ్లు బేరమాడితే తగ్గిద్దామని ఉంచాం."

"వాళ్లు బేరమాడలేదు సార్. ఫైలు మూసేశారు."

"మళ్లీ తెరుస్తారు. మనం తప్ప ఎవరున్నారు? వాళ్లే దిగొస్తారు."

"ఈలోపు మాత్రలు అయిపోయినవాళ్ల సంగతేంటి?"

"అది ఆస్పత్రులు చూసుకోవాలి. అన్నీ మన నెత్తినేసుకుంటే ఎలా?"

నాకు తెలియక జరిగింది, ఆయనకు తెలిసి జరిగింది. అయినా ఆయన గొంతు ఒక్క మెట్టు పెరగలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నాలుగు నెలలు నెత్తీ నోరూ కొట్టుకున్నాను. కంపెనీ పెద్దలకు ఉత్తరాలు రాశాను. ఒక్కడూ ఉలకలేదు, పలకలేదు. బయట దుకాణాల్లో ఆ మాత్ర దొరకదు, మా సరుకంతా టెండరు కోసమే. గోడౌన్లో మాత్రం పెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. సిగ్గు విడిచి స్టోర్ కీపర్ని ఒక్క డబ్బా అడిగాను. లెక్క తప్పుతుందమ్మా, నా ఉద్యోగం పోతుంది అన్నాడు. లెక్క తప్పడం గురించి అతను నాకు చెప్పాడు.

చివరికి ధర తగ్గించారు, జాలిపడి కాదు. గోడౌన్లో సరుకుకి గడువు దగ్గరపడుతోందని ఎవరో గుర్తుచేశారు. టెండరు మాకే వచ్చింది. సామాన్యుడికి అందే ధర అని గేటు మీద బ్యానరు కట్టారు. మేనేజరు నన్ను పిలిచి, అంతా నీ లెక్క చలవేనమ్మా అన్నాడు. చెయ్యి లేచేదే, ఎలాగో ఆపుకున్నాను.

సరుకు వచ్చిన వారమే చెల్లెలు ఆస్పత్రికి వెళ్లింది. ఆగి మళ్లీ మొదలుపెట్టేవాళ్లకి ముందు రక్తపరీక్ష చేస్తారు. సాయంత్రం నేను వెళ్లేసరికి కుట్టు మిషన్ ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు.

"ఆ మాత్ర ఇక నాకు పనికిరాదట అక్కా. సోకిందట. వేరేది రాసిచ్చారు."

పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. రిజిస్టర్లు, ఆరేళ్లు, నా సంతకం, ఏదీ దాచలేదు. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

సంచీలోంచి కొత్త డబ్బా తీసి, దాని మీద మా కంపెనీ పేరు చూపించింది.

"ఇది కూడా మీరే చేస్తారా?"

"చేస్తాం."

"దీని లెక్క ఎవరు రాస్తారు?"

"నేనే."

"అయితే రేపే దిగి చూడు" అంది. "ఇది నాకు చచ్చేదాకా కావాలి."