అంకుడాకు నూనె

వడివాంబ పెరటి మెట్ల మీద కూర్చుని అంకుడాకులు చేత్తో తుంపుతోంది. ఇనుము సోకితే ఆకు గుణం పోతుందని ఆ వైద్యుల ఇంట్లో కత్తి తగలనివ్వరు. తుంపిన ఆకు కొబ్బరినూనెలో వేసి ఎండలో పెడితే ఊదారంగు దిగుతుంది. ఆ నూనె కోసమే నాగర్‌కోయిల్ చుట్టుపక్కల పొలుసుల జబ్బు వాళ్లంతా ఆమె భర్త నల్లశివం దగ్గరికి వస్తారు. నూనె చేసే వడివుకే మోచేతుల నిండా పొలుసులు. అందుకే మండుటెండల్లోనూ పొడుగు చేతుల జాకెట్టు.

"జాకెట్టుకు పిన్నీసు ఉంచుకునే ఆకు ముట్టుంటావు. ఇంకెలా తగ్గుతుంది?" అంది పొద్దున అత్తగారు. కిందటిసారి వంకాయ అంది, అంతకుముందు ఎండుచేప. ఏళ్లుగా చప్పిడి కూడు తిని నోరు చచ్చిపోయినా నేరం మాత్రం వడివుదే. పెద్దాసుపత్రిలో చూపించుకుంటానంటే నల్లశివం గొంతు తగ్గించి, "వైద్యుడి పెళ్లాం వెళ్లి చర్మం డాక్టరు ముందు కూర్చుంటే, మన నూనె ఎవడు రాసుకుంటాడే?" అన్నాడు. ఇక ఆ మాట ఎత్తనివ్వలేదు. నా ఒళ్లు వీళ్ల దుకాణం బోర్డా అని ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆకులు తుంపింది.

"వడివూ, నూనె పట్రా" అని ముందుగదిలోంచి కేక వినిపించింది.

అక్కడ ఇళవరసి అనే పెళ్లీడు పిల్ల, పక్కన ఆమె తల్లి. ఎండాకాలమంతా నూనె రాసినా పిల్ల మెడ మీద పొలుసులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"నూనెలో లోపం లేదమ్మా. పిల్ల పథ్యం తప్పింది" అన్నాడు నల్లశివం.

"లేదండీ, ఒట్టు" అంది ఇళవరసి. ఎవరూ ఆమె ముఖం వైపు చూడలేదు. వడివు చూసింది. ఆ గొంతు తనదే అనిపించింది. తెచ్చిన నూనె గిన్నె కింద పెట్టి, జాకెట్టు చేతులు మోచేతుల పైదాకా లాగి, ఆ తల్లి ముందు రెండు చేతులూ చాపింది.

"ఆ పిల్ల పథ్యం తప్పలేదమ్మా. నేనూ తప్పలేదు. ఈ నూనె చేసేది నేనే, రోజూ రాసుకునేదీ నేనే. పిల్లని పెద్దాసుపత్రిలో చూపించు."

నల్లశివం తొణకలేదు. "చూశారుగా, ఇంట్లో వైద్యం పెట్టుకుని కూడా మా ఆవిడకి నోరు కట్టుకోవడం చేతకాదు" అని నవ్వాడు.

ఆ తల్లి అయ్యో పాపం అన్నట్టు తలూపింది. చీర కొంగు సర్దుకుని కూతురి వైపు తిరిగింది.

"నిజం చెప్పవే, చాటుగా ఏం తిన్నావ్?"