గున్నేశ్వరరావు గారి కుడి చెవి

నేను ఒక చెవిటి మిషన్ని. డాక్టర్లు నన్ను వినికిడి యంత్రం అంటారు గానీ, ఆ పేరు పెట్టి దుకాణంలో నన్ను అడిగినవాళ్ళు లేరు. జీడిపప్పంత ఒళ్ళు, పక్కన ఒక చిన్న స్విచ్చి, కడుపులో చొక్కా బొత్తాం అంత సెల్లు, చెవిలోకి దూరే సన్నటి గొట్టం. నా ఆస్తి ఇంతే. నేను పుట్టిన ఫ్యాక్టరీలో అందరూ మూతికి గుడ్డలు కట్టుకుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా పని చేసేవారు. లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాను. అమలాపురం చేరాక ఆ భ్రమ వదిలింది.

నన్ను మొదట కొన్నావిడ కాసులమ్మ గారు. వంటింట్లో కోడలు తన గురించి ఏమేం అంటోందో వినాలని ఆవిడ ముచ్చట. పట్టుబట్టి కొడుకు చేత కొనిపించుకుని, గుమ్మం పక్కన కూర్చుని శ్రద్ధగా విన్నారు. ఆ కోడలు కూరల గురించి మాట్లాడుకుంది, కుక్కర్ని తిట్టుకుంది, అత్తగారి ఊసే ఎత్తలేదు. ఆ అవమానం కాసులమ్మ గారు తట్టుకోలేకపోయారు. నన్ను డబ్బాలో పెట్టి బీరువాలోకి తోసేశారు. ఆవిడ పోయాక, కొడుకు నన్ను బయటికి తీసి, గొట్టం చివర రబ్బరు బుడిపె మార్పించి, తన తండ్రి స్నేహితుడైన గున్నేశ్వరరావు గారి చేతిలో పెట్టాడు.

గున్నేశ్వరరావు గారు ఒకప్పుడు సినిమా హాల్లో టికెట్లిచ్చేవారు. చిన్న కంతలోంచి చేతులే తప్ప మనుషుల్ని చూడని ఉద్యోగం కాబట్టి, రిటైరయ్యాక మనుషులు కనపడితే వదిలేవారు కాదు. కాలవగట్టు మీద మంగతాయారు టీకొట్టు ఆయన దర్బారు. పొద్దున్నే పేపరు చేతికి రాగానే మొదలుపెట్టేవారు. ముందు ప్రపంచం. ఎక్కడో రెండు దేశాలు కొట్టుకుంటుంటే వాటి మధ్య రాజీ కుదిర్చేవారు. తర్వాత రాష్ట్రం. మంత్రులందరికీ శాఖలు మార్చేవారు. తర్వాత సినిమాలు. ఈ కాలపు హీరోలు గొణుగుతారే తప్ప మాట్లాడరని ఆయన ఫిర్యాదు. గొణుగుడు వాళ్ళదో, తన చెవులదో ఆయన ఎన్నడూ విచారించలేదు. చివరికి పాత స్నేహితుల దగ్గరికొచ్చేవారు. ఎవరు పోయారు, ఎవరు లావయ్యారు, ఎవరు పిలిచినా పలకడం లేదు. అక్కడికొచ్చేసరికి గొంతు కాస్త తగ్గేది.

ఇదంతా చివరిదాకా వినేది ఒక్కరే, అబ్బులు గారు. అదే హాల్లో ప్రొజెక్టరు నడిపిన ఆపరేటరు. ఒక టీని ఇద్దరూ సగం సగం పంచుకునేవారు. మాటల్లో మాత్రం పంపకం లేదు, మొత్తం గున్నేశ్వరరావు గారివే.

ఇక నా బాధ చెప్పుకోవాలి. గున్నేశ్వరరావు గారు మహా పొదుపరి. మాట్లాడేది తనే అయినప్పుడు వినాల్సిన అవసరమేముంది, సెల్లు దండగ కదా అని ఆయన లెక్క. అందుకని ప్రసంగం మొదలెట్టే ముందు చెయ్యి చెవి వెనక్కి పోనిచ్చి నన్ను ఆపేసేవారు. ప్రసంగం అయ్యాక మళ్ళీ వెయ్యాలి. అయితేగా? అవతలివాళ్ళ పెదాలు కదిలితే చాలు, 'అదే నేనూ అంటున్నాను' అని తలూపేసి ముందుకు సాగిపోయేవారు. ఆయన చుట్టూ ఉన్న జనం చాలామంది తమతో ఆయన పూర్తిగా ఏకీభవించారనే సంతోషంతో ఇళ్ళకు వెళ్ళేవారు. ఆపేసినా నాకు మాత్రం అన్నీ వినిపిస్తాయి. ఆయనకు చేరవెయ్యను, అంతే. ఉద్యోగం లేనప్పుడు నేనెందుకు చెయ్యాలి?

ఒకరోజు గున్నేశ్వరరావు గారు విదేశాంగ విధానం మీద దంచి, గొంతు తడుపుకోవడానికి గ్లాసు ఎత్తారు. ఆ సందులో అబ్బులు గారు కాలవ వైపు చూస్తూ, కాకినాడలో తన కంటికి ఆపరేషను పెట్టారని, గురువారమని, తోడు రమ్మని అడిగారు. "బయమేస్తందిరా. ఉన్న ఎలుగు కూడా పోతే ఏం చెయ్యాలి నేను?" అన్నారు. నేను చెవి మీద కూర్చుని విలవిల్లాడాను. స్విచ్చి నా చేతిలో లేదు, అసలు నాకు చేతులే లేవు. గున్నేశ్వరరావు గారు టీ గుటక వేసి, "అదే నేనూ అంటున్నాను, తప్పకుండా" అన్నారు. వెంటనే కొత్త సినిమా రెండో సగాన్ని చీల్చి చెండాడడం మొదలుపెట్టారు.

గురువారం అబ్బులు గారు రాలేదు. శుక్రవారమూ రాలేదు. తన సినిమా విమర్శ నచ్చక అలిగాడని గున్నేశ్వరరావు గారు తేల్చేశారు. వాడి అభిమాన హీరోని అనేసరికి పొడుచుకొచ్చిందన్నమాట అని మండిపడ్డారు. అబ్బులు గారి స్థానంలో కూర్చోబెట్టడానికి ఊళ్ళోవాళ్ళను ఒక్కొక్కరినీ ప్రయత్నించారు. ఒకాయనకు బస్సు టైమైంది, ఒకాయనకు ఫోనొచ్చింది, ఇంకొకాయన టీ కూడా వదిలేసి పోయాడు. ఆ వారం గడిచేసరికి పేపరు మడత విప్పకుండానే ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. మాట్లాడడం లేదు కాబట్టి నన్ను ఆపడం కూడా మానేశారు. అలా నేను పనిలో ఉండగా, అబ్బులు ఎందుకు అలిగాడో నీకేమైనా తెలుసా అని మంగతాయారుని అడిగారు.

"అలగడమేంటండీ? కంటి ఆపరేషనని, తోడు రమ్మని మీకు చెప్పేరు కదా. నేను గ్లాసులు కడుగుతా ఇన్నాను. మీరు తల కూడా ఊపేరు" అందామె.

గున్నేశ్వరరావు గారి చెవి చల్లబడిపోయింది. నాకు తెలుసు, నేను దాన్ని ఆనుకునే ఉన్నాను. లేచి అబ్బులు గారింటికి బయల్దేరారు. దారిలో మందుల షాపు దగ్గర ఆగి, బేరమాడకుండా కొత్త సెల్లు కొని నాలో వేయించారు.

అబ్బులు గారు నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నారు. గున్నేశ్వరరావు గారు వెళ్ళి పక్కన కూర్చుని, కండువా అంచు మడతపెట్టడం మొదలుపెట్టారు. అబ్బులు గారే అడిగారు, దేశం ఏమైపోయిందిరా, ఈ వారం ఎవరూ పట్టించుకోలేదా అని.

"నువ్వు రమ్మన్నావంట. నేను మిషను ఆపేసుకున్నానురా" అన్నారు గున్నేశ్వరరావు గారు.

"నాకు తెలుసు. నీ చెయ్యి చెవి ఎనక్కి ఎల్లడం చూసేకే చెప్పేను."

గున్నేశ్వరరావు గారు తెల్లబోయారు. నేనూ తెల్లబోయాను.

"ఇంట్లో చెప్తే కంగారు పడతారు. నీకు ఇనపడేలా చెప్తే ఊరంతా సినిమా కత చెప్పినట్టు చెప్తావు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదరా. చాలా యేళ్ళబట్టి నీకిలాగే చెప్పుకుంటన్నాను" అన్నారు అబ్బులు గారు.

నిజమే. ఎన్నో సంగతులు చెప్పారాయన. అన్నీ నా దగ్గరున్నాయి, ఈయన దగ్గర ఒక్కటీ లేదు. గున్నేశ్వరరావు గారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన ఏడుస్తున్నారని అబ్బులు గారికి కనపడిందో లేదో గానీ నాకు వినపడింది. కాసేపటికి, రెండో కంటికి ఎప్పుడని అడిగారు. వచ్చే నెలని అబ్బులు గారు చెబితే, దానికి నేనొస్తాను అన్నారు.

కాకినాడ బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. నన్ను ఆపకూడదని గున్నేశ్వరరావు గారు గట్టి పట్టు మీద ఉన్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. అబ్బులు గారికి కూడా ప్రతి విషయం మీదా అభిప్రాయాలున్నాయి. విదేశాంగ విధానం తప్పట, మంత్రులందరూ ఎక్కడివాళ్ళక్కడే ఉండాలట, గొణిగే హీరోలే అసలు నటులట. వంతెన దాటేలోపు గున్నేశ్వరరావు గారి ముఖం కందగడ్డయింది. ఒకసారి చెయ్యి పైకి లేచింది. నా దాకా వచ్చి, ఆగి, చెవి తమ్మె గోక్కుని దిగిపోయింది. నేను పుట్టాక ఏ మనిషీ ఇంత త్యాగం చెయ్యగా చూడలేదు.

ఆసుపత్రిలో నర్సు వచ్చి అబ్బులు గారి కళ్ళద్దాలు తీసుకుంది, పచ్చ గౌను తొడిగింది. తలుపు దగ్గర ఆయన వెనక్కి తిరిగారు. ఈసారి ఎవరి చెయ్యి ఎక్కడుందో ఆయన కంటికి ఆనదు.

"బయమేస్తందిరా" అన్నారు, గొణుగుతున్నట్టు.

"వినపడిందిరా" అన్నారు గున్నేశ్వరరావు గారు.